వజీఫాతో మొదలయ్యే కొలువు

ఉర్దూలో వజీఫా అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. ప్రతిరోజూ నియమంగా చదువుకునే దుఆను వజీఫా అంటారు. చదువుకునేవారికి నెలనెలా ముట్టే డబ్బునూ వజీఫా అనే అంటారు. క్రమం తప్పకపోవడం రెండింటికీ ఉన్న గుణం. తెలుగులోకి వచ్చేసరికి ఇది ఉపకార వేతనం అయింది. వేతనం అన్నంతవరకు మాకు పేచీ లేదు, పేచీ అంతా ముందున్న ఉపకారంతోనే. ఆ మాట వల్ల అది పుచ్చుకునేవారు తల వంచుకోవలసిన సొమ్ముగా కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో బాగ్దాద్ నిజామియా విద్యాలయం తన విద్యార్థులకు బసతో పాటు వజీఫా కూడా ఇచ్చింది. ఎవరి మీదనో జాలిపడి ఇచ్చింది కాదు, రాజ్యానికి చదువుకున్న మనుషులు కావలసి వచ్చి ఇచ్చింది.

ఇప్పుడు కంపెనీలకు ఒక కొత్త రకం చదువరులు కావలసి వచ్చారు. వారిని తయారు చేసుకోవడానికి ఇచ్చే వజీఫాకు ఫెలోషిప్ అని పేరు పెట్టారు. ఈ సంగతి గుడివాడ వరకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మా వద్ద చిన్నప్పుడు ఉర్దూ చదువుకున్న ఒక అమ్మాయి ఇక్కడే బి.కాం. పూర్తి చేసింది. తండ్రి రైస్ మిల్లులో కాటా గుమాస్తా. అమ్మాయికి హైదరాబాదులో ఒక కంపెనీ 'సస్టెయినబిలిటీ' విభాగంలో ఏడాది పాటు ఫెలోషిప్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తండ్రి మా దగ్గరకు వచ్చాడు. "ఇది ఉద్యోగమా, చదువా మౌల్వీ సాబ్? ఏడాది అయ్యాక ఏమిటి?" అని అడిగాడు. ఇంతకంటే మంచి ప్రశ్నలు పెద్ద పెద్ద సెమినార్లలో కూడా ఎవరూ అడగరని మా అభిప్రాయం.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. సస్టెయినబిలిటీ అనగానే మొక్కలు నాటడం, ఫొటోలు దిగడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పద్దుల పని. కంపెనీ ఎంత లాభం గడించిందో చూపే జమాఖర్చు వేరే ఉంది. ఆ లాభం గడించడంలో ఎంత కరెంటు, ఎంత నీరు వాడింది, ఎంత పొగ, ఎంత వ్యర్థం బయటికి వదిలింది, ఎందరు కార్మికులు గాయపడ్డారు, మగవారికెంత, ఆడవారికెంత జీతం ఇచ్చింది అని చూపే జమాఖర్చు ఇది. మన దేశంలో దీన్ని కోరుతున్నది షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. 2021 మే నెలలో ఒక కొత్త నివేదిక నమూనా విడుదల చేసి, మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరిగా దాన్ని నింపాలని చెప్పింది. 2023లో అందులోని ముఖ్యమైన అంకెలను బయటివారి చేత తనిఖీ చేయించాలన్న నియమం తెచ్చి, మొదట 150 కంపెనీలతో ప్రారంభించి ఏటేటా పెంచుకుంటూ పోయే ఏర్పాటు చేసింది. మచిలీపట్నంలో యూనిట్ ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఈ నివేదిక ఇచ్చే కంపెనీయే. అంటే బందరు ఫ్యాక్టరీలో కాలే బల్బు కూడా ఆ కంపెనీ దేశవ్యాప్త లెక్కలోకి చేరవలసిందే.

దీన్ని 2013 కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యతతో కలిపి గందరగోళ పడకూడదు. ఆ చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలి. బడికి బెంచీలు, ఊరికి మంచినీటి ప్లాంటు అలా వస్తాయి. దానమెంత చేశారన్నది ఒక లెక్క. ఆ సంపాదన ఎలా వచ్చిందన్నది మరో లెక్క. మేము చెబుతున్నది రెండో దాని గురించి.

కాటా గుమాస్తా గారికి మేము రైస్ మిల్లు లెక్కతోనే చెప్పాము. పాఠకులకూ అదే చెబుతాము. మిల్లు వదిలే కర్బనానికి మూడు పద్దులుంటాయి. 2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రొటోకాల్ అనే అంతర్జాతీయ ప్రమాణం వీటిని స్థిరపరచింది. మొదటి పద్దు, మిల్లు తానే కాల్చింది: జనరేటర్‌లో, లారీల్లో పోసిన డీజిల్. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండో పద్దు, కొన్న కరెంటు. మన దేశపు గ్రిడ్‌లో బొగ్గు వాటా ఎక్కువ కనుక యూనిట్‌కు 0.7 కిలోల పైచిలుకు. ఏడాదికి లక్ష యూనిట్లు వాడే మిల్లు అక్కడ కూర్చునే 70 టన్నులు వదిలినట్టు, ఆ పొగ ఎక్కడో థర్మల్ స్టేషన్ గొట్టంలోంచి వచ్చినా సరే. మూడో పద్దు, ఇతరుల చేతుల్లో జరిగేది: రైతు పొలం, రవాణా, చివరికి ఆ అన్నం వండే పొయ్యి. మరి బాయిలర్‌లో కాల్చే ఊక మాటేమిటి? పైరు పెరుగుతూ గాలిలోంచి తీసుకున్న కర్బనమే కాబట్టి, ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొదటి పద్దులో కలపకుండా విడిగా చూపమంటారు. దానితో వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మాత్రం కలపాలి. ఇది విని గుమాస్తా గారు "అయితే ఇది కాటా పనే" అన్నారు. అక్షరాలా అంతే.

కాటా పని అన్నాక కాటాలో మోసమూ ఉంటుంది. ఒక మిల్లు నిరుడు 10,000 టన్నుల బియ్యం ఆడించి 800 టన్నుల కర్బనం వదిలింది అనుకుందాం. టన్నుకు 80 కిలోలు. ఈ ఏడు 15,000 టన్నులు ఆడించి 1,050 టన్నులు వదిలింది. టన్నుకు 70 కిలోలు. "మా ఉద్గారాలు ఎనిమిదో వంతు తగ్గాయి" అని రంగుల కాగితం మీద అచ్చు వేయవచ్చు. "మా ఉద్గారాలు 250 టన్నులు పెరిగాయి" అనీ వేయవచ్చు. రెండూ అబద్ధాలు కావు. కానీ రెండింటినీ పక్కపక్కన వేస్తేనే నిజమవుతుంది. ఫెలోగా చేరిన కుర్రవాడికి మొదటి నెలలోనే ఇటువంటి ఘడియ రావచ్చు. పైవాడు మొదటి వాక్యం చాలంటాడు. ఏడాది చివర కొలువు ఇచ్చేది ఆ పైవాడే. ఈ రంగంలోకి వెళ్లే పిల్లలకు అసలు పరీక్ష ఇంగ్లీషులో కాదు, ఇక్కడ.

ఇంతకూ ఈ వేతనంతో కూడిన ఫెలోషిప్ పద్ధతి ఎక్కడిది? పేరుపొందిన నమూనా అమెరికాది. అక్కడి ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ ఫండ్ అనే సంస్థ 1967లో డి.డి.టి. పురుగుమందుకు వ్యతిరేకంగా కోర్టు పోరాటాలతో పుట్టింది. కంపెనీల మీద దావాలు వేసే సంస్థ 1990లో మెక్‌డొనాల్డ్స్‌తో కూర్చుని, ఆ హోటళ్లలో వాడే ఫోమ్ డబ్బాల సంగతి తేల్చే పని పెట్టుకుంది. ఆ బృందంలోని వారు స్వయంగా హోటల్లో ఒక రోజు పనిచేసి చూశారు. అదే ఏడాది నవంబరులో ఆ డబ్బాలను వదిలేస్తున్నట్టు మెక్‌డొనాల్డ్స్ ప్రకటించింది. ఆ అనుభవంతోనే 2008లో క్లైమేట్ కోర్ అనే ఫెలోషిప్ మొదలైంది. పి.జి. విద్యార్థులను ఎంపిక చేసి, కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, వేసవిలో పది పన్నెండు వారాలు ఒక్కొక్క కంపెనీకి పంపుతారు. స్టైపెండ్ భరించేది ఆ కంపెనీయే. తొలి ఏళ్లలో వారి పని ఎక్కువగా దీపాలు, ఏసీలు, కంప్యూటర్లు తినే కరెంటును వెదికి పట్టుకోవడం. ఒక విద్యార్థి మూడు నెలల్లో చూపించే పొదుపు అతనికిచ్చే డబ్బును మించిపోతుందన్న లెక్క మీద కంపెనీలు ఒప్పుకున్నాయి. ఉపకారం అనే మాటకు ఇందులో చోటే లేదు.

మన దగ్గర ఇదే బోర్డు కట్టుకున్న తలుపు వెదికితే సులభంగా దొరకదు. వేరే పేర్లతో ఉన్న తలుపులు తట్టాలి. డిగ్రీ పిల్లలకు 1961 అప్రెంటిస్ చట్టం ఉంది. 2019 సవరణతో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలన్నారు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో మొదలైంది. దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో 12 నెలలు, ప్రారంభంలో చెప్పిన ప్రకారం నెలకు 5,000 రూపాయలు, చేరినప్పుడు ఒకసారి 6,000. వయసు 21 నుంచి 24. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించినవారికి, ఐ.ఐ.టి.లలో చదివినవారికి, ఎం.బి.ఎ. వారికి ఆ నిబంధనల్లో చోటు లేదు. ఎప్పుడూ వెనక వరుసలో నిలబడే మామూలు బి.ఎ., బి.కాం. పిల్లలకు ముందు వరుస దొరకడం మేము అరుదుగా చూశాము. పథకాల నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే నాటివి చూసుకోవాలి. స్టేట్ బ్యాంకు వారి 'యూత్ ఫర్ ఇండియా' 2011 నుంచి ఉంది, 13 నెలలు పల్లెల్లో స్వచ్ఛంద సంస్థలతో పని. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం కోసం వ్యవసాయ పట్టభద్రులను ఫెలోలుగా తీసుకుని గ్రామాల్లో ఉంచి, వారి చేతే సాగు చేయించింది. ఈ చివరి రెండూ కంపెనీ ఉద్యోగాలు కావు. అయినా రైతు దగ్గర నుంచి సరుకు కొనే కంపెనీకి పొలం గట్టు మీద ఏడాది గడిపిన మనిషి విలువ తెలుసు.

డబ్బు ఇచ్చే అవకాశానికి, ఇవ్వని అవకాశానికి ఉన్న తేడా దగ్గర కాస్త ఆగాలి. నగరాల్లో జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు చాలా ఉన్నాయి. 'అనుభవం వస్తుంది కదా' అంటారు. వస్తుంది, ఆరు నెలలు గది అద్దె కట్టగల తండ్రి ఉన్న పిల్లలకు. కాటా గుమాస్తా కూతురికి ఆ అనుభవం ఎలా వస్తుంది? అందువల్ల జీతం లేని ఇంటర్న్‌షిప్ పేరుకు అందరికీ తెరిచిన తలుపు, లోపలికి వెళ్లేవారు మాత్రం ఎప్పుడూ ఒకే వీధివారు. స్టైపెండ్ చిన్నదైనా ఆ తలుపును నిజంగా తెరుస్తుంది. అయితే నెలకు 5,000తో హైదరాబాదులో హాస్టలు, తిండి, బస్సు అన్నీ సాగవని గుమాస్తా గారు నిలబడ్డ చోటే లెక్క కట్టారు. అటువంటప్పుడు ఇంటికి దగ్గరి యూనిట్ కోరుకోవడం మేలు. అమ్మాయికి వచ్చినది అంతకంటే కొంత మెరుగైన మొత్తమే. అయినా ఏడాది పాటు ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు, ఇంటి నుంచి తెప్పించుకోనక్కరలేదు, అంతవరకే.

ఇక మా ప్రాంతపు పిల్లలకు ఈ పనిలో ఉన్న బలం. ఇది వారికే తెలియదు, అందుకే విస్తరించి చెబుతున్నాము. ఈ నివేదికలు రాసేది ముంబయి, బెంగళూరు, హైదరాబాదు అద్దాల మేడల్లో, ఇంగ్లీషులో. వాటిలోని నిజాలు మాత్రం చెరువు గట్ల మీద, పొలాల్లో, షెడ్లలో, తెలుగులో ఉన్నాయి. వరి సంగతే తీసుకోండి. నీరు నిలిచిన మాగాణిలో మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. బియ్యం కొనే పెద్ద కంపెనీల మూడో పద్దులో బరువైన అంకె ఇదే. దీనికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన విరుగుడు ఉంది: పొలంలో చిల్లుల గొట్టం పాతి, నీటి మట్టం మట్టికి 15 సెంటీమీటర్ల కిందికి దిగిందాకా ఆరనిచ్చి, అప్పుడు మళ్లీ తడపడం, పూత సమయంలో మాత్రం నీరు నిలపడం. కాగితం మీద ఎంతో బాగుంది. కానీ కాలువ చివర శివారు భూముల రైతును అడగండి. వంతు వచ్చినప్పుడు నీరు పట్టుకోకపోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియనివాడు చేతిలో ఉన్న నీటిని వదులుకుని పొలం ఎందుకు ఆరబెడతాడు? దివిసీమ వైపు పోతే మట్టి ఆరినకొద్దీ ఉప్పు పైకి తేలే భయం ఒకటి. ఇది ముంబయి నుంచి వచ్చిన ఎం.బి.ఎ. కుర్రవాడికి పుస్తకంలో దొరకదు. నాగాయలంకలోనో, మోపిదేవిలోనో పెరిగిన పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు విని పెరిగిన ఇళ్ల పిల్లలకు 'వాతావరణ ముప్పు' అనే శీర్షిక కింద ఏం రాయాలో వేరే పాఠం కావాలా?

రొయ్య మాట కూడా అంతే. మన తీరపు రొయ్య అమెరికా దుకాణాలకు పోతుంది. అక్కడి కొనుగోలుదారులు చెరువు నుంచి డబ్బా దాకా ధ్రువపత్రాలు అడుగుతారు: మేత ఏమిటి, యాంటీబయాటిక్ వాడారా, మురుగునీరు ఎటు పోయింది, పనివారికి ఎంత ఇచ్చారు. 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ భారత రొయ్యల పరిశ్రమ మీద నివేదిక వెలువరించింది. ధ్రువపత్రాల చాటున కూలీల కష్టాలు, పాడైన నీళ్లు ఎలా కనిపించకుండా పోతున్నాయో అందులో చెప్పారు. పీలింగ్ షెడ్డులో రొయ్య వలిచే స్త్రీ, టై కట్టుకుని వచ్చిన తనిఖీదారు ఎదుట, మేస్త్రీ పక్కనే నిలబడి ఉండగా ఏం మాట్లాడుతుంది? "అంతా బాగుంది సార్" అంటుంది. ఆమె భాషలో, ఆమె పక్కన కూర్చుని, మేస్త్రీ లేని వేళ అడగగల మనిషికే అసలు అంకె దొరుకుతుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు తమ ఇంగ్లీషు తక్కువని సిగ్గుపడుతుంటారు. ఈ పనిలో ఇంగ్లీషు ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. ఆ షెడ్డులో కూర్చోవడం ఆరు నెలల్లో రాదు.

చేరే ముందు చేయవలసింది కొంత ఉంది. పెద్ద కంపెనీల నివేదికలు స్టాక్ ఎక్స్చేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఒకే కంపెనీవి వరసగా రెండేళ్లవి తీసి, కరెంటు, నీరు, వ్యర్థాల అంకెలు పక్కపక్కన రాసుకుని, ఏది ఎందుకు మారిందో వెదకాలి. ఎక్సెల్ చేతికి అలవాటు కావాలి. ఇంటి కరెంటు బిల్లుతో మొదలుపెట్టి తమ వీధిలోని ఐస్ ఫ్యాక్టరీకో, బేకరీకో కర్బన పద్దు కట్టి చూస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత సరుకు ఉంటుంది. ఏ ఖరీదైన సర్టిఫికెట్ కోర్సు కంటే ఇది మేలని మా నమ్మకం. ఫీజు కడితేనే ఫెలోషిప్ ఇస్తామనేవారి గడప తొక్కవద్దు. పని నేర్చుకునేవారికి ఎదురు డబ్బు ఇవ్వడమే వజీఫా. అడిగి పుచ్చుకునేది మరేదో.

ఒప్పంద పత్రంలో చూడవలసినవి గుమాస్తా గారికి ఒక్కొక్కటే చదివి చెప్పాము. స్టైపెండ్ ఏ తేదీన పడుతుంది, ఫ్యాక్టరీలకు తిరిగే ఖర్చు ఎవరిది, బీమా ఉందా, మధ్యలో మానితే డబ్బు తిరిగి కట్టమంటారా, అమ్మాయి తయారు చేసిన లెక్కల మీద ఆమె పేరు ఉంటుందా. ఆయన అడగలేక ఆగిన ప్రశ్న ఒకటి మేమే ఎత్తాము. పని చోట స్త్రీల రక్షణకు 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఆ సెబీ నివేదికలోనే రాయాలి. ఆ కంపెనీ నివేదిక తీసి ఆ పేజీ ఆయనకు చూపించాము. చాలాసేపు చూశారు.

"ఏడాది అయ్యాక?" అన్న రెండో ప్రశ్నకు మేము తీపి జవాబు చెప్పలేదు. ఫెలోషిప్ ముగిశాక అక్కడే ఉంచుకుంటామని చాలా కంపెనీలు రాసివ్వవు. ఉంచుకోకపోయినా ఒక నివేదిక మొదటి బిల్లు నుంచి చివరి సంతకం దాకా చూసిన అనుభవం చేతిలో ఉంటుంది. ఆడిట్ సంస్థలకు, సలహా సంస్థలకు, ఎగుమతిదారులకు అటువంటివారు కావాలి. యూరప్ దేశాలు ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల దిగుమతుల మీద కర్బన లెక్కలు 2023 అక్టోబరు నుంచి అడగడం మొదలుపెట్టి, 2026 జనవరి నుంచి సుంకం వర్తించేలా చట్టం చేశాయి. కాబట్టి షేర్ మార్కెట్ మొహం చూడని చిన్న ఫౌండ్రీ కూడా లెక్క కట్టేవారిని వెదుక్కోక తప్పదు. కొలువు తప్పక దొరుకుతుందని దీనికి అర్థం కాదు. తలుపులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని మాత్రమే. గుమాస్తా గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో మాట్లాడి చెబుతానని వెళ్లారు. గడువుకు ఇంకా పది రోజులుంది.

చివరగా ఒక చిన్న విషయం, చూడటానికే చిన్నది. మన పిల్లల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉంటాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో షేక్ ముందు, ఆధార్‌లో వెనక, బ్యాంకు పాసుపుస్తకంలో ఎస్.కె. అనే రెండక్షరాలు. బేగం ఒకచోట ఉంటుంది, మరోచోట ఉండదు. ప్రభుత్వ పథకాల స్టైపెండ్ ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే నేరుగా వస్తుంది కనుక ఎంపికైన తర్వాత కూడా సొమ్ము అక్కడ ఆగిపోవచ్చు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు పరీక్షలకు ముందే పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరును ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్, పాసుపుస్తకం మూడింటినీ దాని ప్రకారం సరిచేయించుకోవాలి. మీసేవ కేంద్రంలోనో, సచివాలయంలోనో, బ్యాంకులోనో రెండు మూడు సార్లు తిరగవలసి రావచ్చు, తిరగండి.